టోక్యోలో ఎక్కడ దిగాలి? ఏళ్ల తరబడి ఏరియాలు మార్చి ఉన్నాక నా సమీక్ష

టోక్యోలో బస ఎక్కడైతే బాగుంటుందని ఎవరడిగినా ఇప్పుడు నేను చెప్పేది ఒకటే: ఉయెనో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఉయెనో స్టేషన్‌కీ ఒకాచిమాచి స్టేషన్‌కీ మధ్యనున్న వీధులు. పని మీద చాలా ఏళ్లుగా ఆ ఊరికి వెళ్తున్నాను. ఒంటరిగా వెళ్లాను, అమ్మానాన్నలను తీసుకెళ్లాను, పిల్లలతోనూ ఉన్నాను. షింజుకు, అసకుసా, షినగవా, నిహోంబాషి, నిషి-కసాయ్ అన్నిచోట్లా దిగాను. వీటిలో ఉండలేని చోటంటూ ఏదీ లేదు. భద్రత గురించి టెన్షన్ పడి ఏరియా ఎంచుకోవాల్సిన అవసరం టోక్యోలో చాలా తక్కువ. తేడా తెలిసేదంతా పొద్దున బయల్దేరేటప్పుడు, రాత్రి కాళ్లు పీకుతుండగా తిరిగొచ్చేటప్పుడు.

టోక్యోకు సెంటర్ అంటూ ఒకటి లేదన్న సంగతి ముందు ఒంటబట్టాలి. యమనోతె లైన్ అనే లేతాకుపచ్చ రైలు ఊళ్లో ఉంగరంలా తిరుగుతుంది. ఆ వలయం 1925లో పూర్తయింది. ఇప్పుడు 30 స్టేషన్లు, 34.5 కిలోమీటర్లు, ఒక చుట్టుకు దాదాపు గంట. షింజుకు, షిబుయా, ఇకెబుకురో పడమటి వైపు, ఉయెనో, అకిహబరా, టోక్యో స్టేషన్ తూర్పు వైపు. ఉయెనో నుంచి షింజుకుకు పాతిక నిమిషాలు పడుతుంది, అటు నుంచి ఇటైనా అంతే. అంటే ఎక్కడ దిగినా మనం చూడాలనుకున్నవాటిలో సగం అవతలి వైపే ఉంటాయి. అందుకే చూసే ప్రదేశాలకు దగ్గరా దూరమా అన్న లెక్క నేను వేయను. ఎయిర్‌పోర్ట్ నుంచి పెట్టెలతో ఎన్ని రైళ్లు మారాలి, స్టేషన్‌లో రైలు దిగాక రోడ్డు మీద పడటానికి ఎంతసేపు నడవాలి అన్నవే చూస్తాను.

ఈ రెండో విషయంలోనే షింజుకు నన్ను అలసగొట్టింది. రోజుకు దాదాపు 30 లక్షల మంది వాడే స్టేషన్ అది. ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డుల్లో ఉంది. బయటికి దారులు 200కు పైనే. జేఆర్, కెయో, ఒదక్యూ, టోక్యో మెట్రో, తోయె అని ఐదు సంస్థల రైళ్లు అక్కడ కలుస్తాయి. హోటల్ వాళ్లు స్టేషన్ నుంచి 8 నిమిషాలు అని రాస్తారు. ఏ గేటు నుంచి అన్నదే అసలు ప్రశ్న. ప్లాట్‌ఫారం మీద దిగి ఆ గేటు చేరడానికే ఇంకో పది నిమిషాలు పట్టొచ్చు. నేనొక్కడినే ఉన్నప్పుడు అది పెద్ద కష్టం కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, ఆ జనంలో లిఫ్ట్ వెతుక్కోవడం మాత్రం ఏ రోజుకారోజు కొత్త పనే.

అలాగని షింజుకును తీసిపారేయలేను. ఫుజి పర్వతం చూడటానికి కవగుచికో వెళ్లే బస్సులు చాలావరకు అక్కడి నుంచే, 2016లో తెరిచిన బస్ టెర్మినల్ నుంచి బయల్దేరతాయి. పొద్దున్నే బస్సు ఉంటే ముందు రాత్రి అక్కడే పడుకోవడం హాయి. స్టేషన్‌కు పడమర వైపు, టోక్యో ప్రభుత్వ భవనం చుట్టుపక్కల, రాత్రి బాగా ప్రశాంతంగా ఉంటుంది. ఆ భవనం 45వ అంతస్తు నుంచి ఊరంతా ఉచితంగా చూడొచ్చు. తూర్పున కబుకిచో వైపు మాత్రం అర్ధరాత్రి దాటినా సందడే. బార్లలోకి పిలిచే దళారులు దారికి అడ్డం వస్తారు, వాళ్ల వెంట వెళ్లొద్దని వీధి మైకుల్లోనే హెచ్చరికలు వినిపిస్తుంటాయి. నైట్‌లైఫ్ కోసమే వచ్చిన స్నేహితుల బృందమైతే షింజుకులోనే దిగమంటాను. చివరి రైళ్లు అర్ధరాత్రికి అటూఇటూగా ఆగిపోతాయి, తెల్లవారుజామున ఐదింటి దాకా మళ్లీ ఉండవు. రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా టాక్సీకి 20 శాతం అదనం. నడిచి గదికి చేరగలిగితే ఆ బాధ ఉండదు.

షిబుయా గురించి ఒక్క మాట చాలు: గింజా లైన్ రైలు నేలకు పైన మూడో అంతస్తులో ఆగుతుంది, తొయోకో లైన్ నేల కింద ఐదో అంతస్తులో ఆగుతుంది. వెళ్లి చూసి రావాల్సిన చోటు, రోజూ పెట్టెలు లాగాల్సిన చోటు కాదు.

ఇక ఉయెనో. నరితా ఎయిర్‌పోర్ట్ ఊరికి 60 కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి కెయిసెయ్ వారి స్కైలైనర్ రైలు ఎక్కితే ముప్పావుగంటలోపే కెయిసెయ్ ఉయెనోలో దిగుతాం. సీటు రిజర్వ్ చేసి ఉంటుంది, పెట్టెలకు స్థలం ఉంటుంది, దారిలో మారే పని లేదు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం కోసమే ఉయెనోను ఎంచుకోవచ్చని నా అభిప్రాయం. ఇంకో ఎయిర్‌పోర్ట్ హనెదా నుంచైనా మోనోరైలు దిగి యమనోతె ఎక్కితే చాలు, ఒకే మార్పు. మెట్రోలో గింజా లైన్, హిబియా లైన్ రెండూ ఉన్నాయి. గింజా లైన్ ఆసియాలోనే మొదటి భూగర్భ రైలు మార్గం. 1927లో ఉయెనోకీ అసకుసాకీ మధ్యే మొదలైంది. ఇప్పుడది ఒక కొసన అసకుసా ఆలయం, ఇంకో కొసన షిబుయా, మధ్యలో గింజా, నిహోంబాషి. ఊళ్లో తిరగడానికి సగం రోజులు ఆ ఒక్క లైనే సరిపోతుంది.

ఒకాచిమాచి వైపు గది తీసుకోమనడానికి కారణం, అక్కడ వేర్వేరు పేర్లతో ఐదు స్టేషన్లు నడిచి వెళ్లే దూరంలో ఉండటం. ఒకాచిమాచిలో యమనోతె, నాకా-ఒకాచిమాచిలో హిబియా, ఉయెనో-హిరోకోజిలో గింజా, ఉయెనో-ఒకాచిమాచిలో ఒఎదో లైన్, కాస్త తూర్పుగా షిన్-ఒకాచిమాచి. మ్యాప్‌లో చూస్తే తికమకగా అనిపిస్తుంది. ఉండటం మొదలుపెట్టాక మాత్రం, ఎటు వెళ్లాలన్నా రైలు మారకుండా వెళ్లే దారి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. నగల వ్యాపారులకు పేరున్న పేట కావడంతో రత్నాల వ్యాపారం చేసే భారతీయులు అక్కడ చాలామంది ఉన్నారు. శాకాహారం దొరికే మన హోటళ్లు కూడా ఉన్నాయి. గుడ్డు కూడా ముట్టని మా నాన్నకు వారం రోజులు ఇబ్బంది లేకుండా గడిచిందంటే ఆ వీధుల పుణ్యమే.

ఉయెనో పార్కు ఇంకో వరం. 1873 నుంచి ఉన్న పార్కు అది. లోపలే టోక్యో నేషనల్ మ్యూజియం, జపాన్‌లోకెల్లా పాతదైన 1882 నాటి జంతుప్రదర్శనశాల, లె కార్బుజియే డిజైన్ చేసిన పాశ్చాత్య కళల మ్యూజియం ఉన్నాయి. వాన పడితే పిల్లలను సైన్స్ మ్యూజియంలోకి తీసుకెళ్లొచ్చు. మ్యూజియాలు సాధారణంగా సోమవారం మూసేస్తారు, అది చూసుకోవాలి. వేసవిలో షినోబజు చెరువు నిండా తామరలు. నాన్న రోజూ ఉదయం అక్కడ నడిచొచ్చేవారు, మేం లేచేసరికి ఆయన రోజు సగం అయిపోయేది.

లోపాలూ చెప్పాలి. రైలు పట్టాల కింద, అమెయోకో బజారు చుట్టూ తాగే వాళ్ల సందడి రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. పట్టాల వైపు కిటికీ ఉన్న గదిలో తెల్లవారుజామునే మొదటి రైలు నిద్ర లేపుతుంది. బుక్ చేసేటప్పుడే రెండో వైపు గది ఇమ్మని రాయండి. ఉయెనో పక్క స్టేషన్ ఉగుయిసుదాని వైపు చవగ్గా కనిపించే హోటళ్లలో చాలావరకు గంటల లెక్కన గదులిచ్చే జంటల హోటళ్లు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆ పేరు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

అసకుసా నాకు మనసుకు దగ్గరైన పేట. అక్కడి సెన్సోజి ఆలయం ప్రధాన మందిరం పొద్దున ఆరింటికి, చలికాలంలో ఆరున్నరకు తెరుస్తారు. ఆ వేళలో గుంపులుండవు, నిజంగా దణ్ణం పెట్టుకోవడానికి వచ్చిన వాళ్లే ఉంటారు. ఆ అరగంట కోసమే అక్కడ దిగినా తప్పు లేదు. అసకుసా లైన్‌లో రెండు ఎయిర్‌పోర్టులకూ నేరుగా రైళ్లున్నాయి. కాకపోతే యమనోతె మీద లేదు, సాయంత్రానికి ఆలయం ముందు వీధి దుకాణాలన్నీ మూసేస్తారు. ఇంకోటి, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వారి అసకుసా స్టేషన్ పేరు ఒకటే అయినా మిగతా స్టేషన్లకు అర కిలోమీటరుకు పైగా దూరం. హోటల్ ఏ అసకుసా దగ్గరో అడిగి తెలుసుకోవాలి.

షినగవా హనెదాకు, క్యోటో వైపు వెళ్లే షింకన్‌సెన్‌ (బుల్లెట్ రైలు)కు బాగుంటుంది. ఒక రాత్రికి సరే, అంతకు మించి అక్కడ నాకు ఊరు కనిపించలేదు.

మనవాళ్లు చాలామంది నిషి-కసాయ్ సూచిస్తారు. ఎదోగవా వార్డులోని ఆ పేటలో భారతీయ కుటుంబాలు ఎక్కువ, కిరాణా నుంచి టిఫిన్ దాకా అన్నీ దొరుకుతాయి. నెల రోజులు ఆఫీసు పని మీద ఉండాల్సి వస్తే నేనూ అక్కడే ఉంటాను, ఉన్నాను కూడా. కానీ అక్కడి మెట్రో, తోజయి లైన్, ఉదయం రద్దీ మామూలుది కాదు. 2019 లెక్కల్లో కిబా, మొన్జెన్-నకాచో స్టేషన్ల మధ్య 199 శాతం రద్దీతో, అంటే రైలు సామర్థ్యానికి దాదాపు రెట్టింపు జనంతో, మొత్తం జపాన్‌లోనే ముందుంది. ఊరు చూడటానికి వారం రోజులు వచ్చేవాళ్లు చిన్న పిల్లలతో ఉదయం ఎనిమిదింటికి ఆ రైలెక్కాలనుకుంటే వద్దనే చెప్తాను. తొమ్మిదిన్నర దాటాక బయల్దేరేవాళ్లకు ఇబ్బంది లేదు.

ఏ పేట అయినా హోటల్ పేజీలో నేను ముందు చూసేది లిఫ్ట్ ఉన్న గేటు. చాలా మెట్రో స్టేషన్లలో అన్ని గేట్లకూ లిఫ్ట్ ఉండదు, దగ్గరి గేటుకు మెట్లే ఉండొచ్చు. జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకు 80 మీటర్ల నడక ఒక నిమిషం అని నియమం ఉంది. అందులో సిగ్నల్ దగ్గర ఆగే సమయం కలవదు. హోటళ్లు రాసే నిమిషాలనూ నేను అలాగే అర్థం చేసుకుని, పెద్దవాళ్లుంటే రెట్టింపు వేసుకుంటాను. మంచం వెడల్పు కూడా చూడాలి. డబుల్ అని రాసినా 140 సెంటీమీటర్లే ఉండటం మామూలే, సెమీ డబుల్ అంటే 120 కూడా ఉంటుంది. పెట్టెలు మరీ ఎక్కువైతే ఎయిర్‌పోర్ట్‌లోనే తక్క్యుబిన్ (సామాను చేరవేసే కొరియర్) కౌంటర్‌లో ఇస్తే సాధారణంగా మర్నాటికి హోటల్‌కు చేరుస్తారు. ఆ రాత్రికి కావాల్సిన బట్టలు, మందులు చేతి సంచిలో పెట్టుకుంటే చాలు.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు పూసే రోజుల్లో మాత్రం నేను ఉయెనోలో దిగను. పార్కులో అడుగు పెట్టే చోటుండదు, గదుల ధరలు విపరీతంగా పెరుగుతాయి. అప్పుడు నిహోంబాషిలో ఉండి, గింజా లైన్‌లో పది నిమిషాల్లో వచ్చి పూలు చూసి వెళ్తాను.