కనజవాలో ఏడాది, మూడు ఇళ్లు

ఆగస్టులో జపాన్‌లోని కనజవా స్టేషన్‌లో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు దిగితే ఉక్కపోత అచ్చం మా రాజమండ్రిలోలాగే ఉంది. పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చేరకుండా, ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఏడాదిపాటు అక్కడి హైస్కూల్లో చదవడానికి వెళ్లాను. రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్ లాంటి వాటిలో ఏడాదంతా ఒకే ఇంట్లో ఉంచరు, కొన్ని నెలలకోసారి కుటుంబం మారుస్తారు. ఆ కుటుంబాలకు డబ్బేమీ ముట్టదు. ఇష్టపడి మనల్ని ఇంట్లో పెట్టుకుంటారు. నాకు మూడు ఇళ్లు వచ్చాయి. వెళ్లాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఏ ఇల్లు ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటిది స్టేషన్‌కు దగ్గర్లో అపార్ట్‌మెంట్. సౌకర్యాల్లో దీన్ని మించింది లేదు. విడిగా గది, మంచం, ఏసీ, దిగగానే బస్టాపు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఎంతో మర్యాదస్తులు. తిన్న ప్లేటు తీయబోతే "పర్వాలేదు, కూర్చో" అనేవారు. అక్కడున్నన్నాళ్లూ నన్ను ఒక్క గ్లాసు కూడా కడగనివ్వలేదు. అయినా అమ్మ మీద బెంగ పెట్టుకుని ఎక్కువగా ఏడ్చింది ఆ ఇంట్లోనే.

స్నానం సంగతి చెప్పాలి. అక్కడ తొట్టి బయట చిన్న స్టూలు మీద కూర్చుని, సబ్బుతో ఒళ్లంతా కడుక్కున్నాకే తొట్టిలో దిగుతారు. తొట్టిలో వేడినీళ్లు ఇంటిల్లిపాదికీ ఒకటే. కడుక్కుని దిగాలని నాకు తెలుసు, నీళ్లు అందరివీ అని తెలియదు. నేను దిగిన నీళ్లు ఇంకొకరికి ఎలా వదులుతానని మొదటి రాత్రే బిరడా లాగేశాను. అతిథినని నన్నే ముందు పంపారు, వాళ్లిద్దరూ ఇంకా స్నానం చేయలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి తొట్టి మళ్లీ నిండుతున్న చప్పుడు నా గదిలోకి వినిపించింది. పది రోజులు నేను రోజూ బిరడా లాగాను, వాళ్లు రోజూ మళ్లీ నింపుకున్నారు. చివరికి క్లాసులో ఒకమ్మాయి చెబితే గానీ నాకు తెలియలేదు. ఆ సాయంత్రం తలవంచి క్షమించమని అడిగితే, "అయ్యో, పర్వాలేదు" అన్నారు. వాళ్లు మంచివాళ్లు, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత ఇంకా ఏమేం తప్పులు చేస్తున్నానో, ఎన్ని చెప్పకుండా ఊరుకుంటున్నారో అని ప్రతి పనికీ టెన్షనే.

డిసెంబరులో సైగావా నది అవతల, గుళ్లు ఎక్కువగా ఉండే తెరామాచిలో ఒక పాత చెక్క ఇంటికి మారాను. చలికి మాత్రం గట్టిగా సిద్ధపడి వెళ్లాలి. ఇల్లంతా వెచ్చగా ఉండదు, మనుషులున్న గదిలోనే హీటర్ వేస్తారు. నడవాలో నా ఊపిరి ఆవిరై కనిపించేది. రాత్రిళ్లు అందరం కొతాత్సు చుట్టూ చేరేవాళ్లం. అది దుప్పటి కప్పిన పొట్టి బల్ల, కింద చిన్న హీటరు ఉంటుంది. మన దగ్గర ఉరుములంటే వానాకాలం, కనజవాలో చలికాలంలో మంచుతో పాటు ఉరుముతుంది. "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అని అక్కడ సామెత. మంచు కరిగించడానికి రోడ్ల మధ్యలోంచి నీళ్లు చిమ్ముతుంటారు కాబట్టి రబ్బరు బూట్లు కొనుక్కోవడం మంచిది.

ఆ ఇంట్లో పెద్ద దిక్కు మామ్మగారు. నేను వెళ్లిన గంటలోనే చేయి పట్టుకుని ఇల్లంతా తిప్పారు. టాయిలెట్ చెప్పులు టాయిలెట్‌లోనే వదలాలి. స్నానానికి వరుసలో ముగ్గురి తర్వాత నేను, అయ్యాక వేడి పోకుండా తొట్టి మీద మూత పరవాలి. మిగిలిన నీళ్లను మర్నాడు పొద్దున చిన్న పంపుతో వాషింగ్ మెషీన్‌లోకి ఎక్కిస్తారు కాబట్టి బిరడా జోలికి వెళ్లకూడదు. ఆ మాట విన్నప్పుడు నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తర్వాత ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో చెప్పే క్యాలెండర్‌ను గోడ మీద చూపించి, పాల డబ్బాల పని నాకు అప్పగించారు. కాగితపు డబ్బాను కడిగి, కత్తెరతో అంచుల వెంట కోసి, చదునుగా విప్పి ఆరబెట్టి, పది అయ్యాక దారంతో కట్టాలి. ముడి వదులైతే విప్పించి మళ్లీ కట్టించేవారు.

తిండి విషయంలోనూ ఆవిడే ఆదుకున్నారు. నేను చేప, మాంసం తినను. మొదటి ఇంట్లో తోఫు, కూరగాయలే పెట్టారు గానీ, రోజూ తాగిన మిసో సూప్‌లో ఎండు చేప కాచిన రసం ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది. మామ్మగారు ఆ మాట వినగానే "ఓహో, షోజిన్!" అన్నారు. బౌద్ధ మఠాల్లో చేప, మాంసం లేకుండా చేసే వంటకు అది పేరు. ఆ రోజు నుంచి రాత్రే కొంబు సముద్రపు నాచు, ఎండు షిటాకే పుట్టగొడుగులు నీళ్లలో నానబెట్టి, నాకు విడిగా సూప్ కాచేవారు. శాకాహారులు "చేప తినను" అంటే సరిపోదు, "చేప రసం కూడా వద్దు" అని ముందే రాసివ్వండి. నేను తీసుకెళ్లిన ఆవకాయను మామ్మగారు చాప్‌స్టిక్ కొసతో నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసి, ఇంకో ముద్ద అన్నం పెట్టుకున్నారు.

ఏప్రిల్‌లో మూడో ఇల్లు, పక్క ఊరు హకుసాన్ వైపు వరి పొలాల మధ్య. మే నెల సెలవుల్లో నాట్లు. మెషీన్ అందని మూలల్లో చేత్తో నాటాలి. మోకాళ్ల దాకా బురదలో దిగి, కోనసీమలో మా అమ్మమ్మ వాళ్ల పొలం గుర్తొచ్చి, అలసట తెలియకుండా నాటాను. ఇబ్బందల్లా ప్రయాణమే. సాయంత్రం ఏడు దాటితే బస్సు లేదు, బడి అయ్యాక ఉండే క్లబ్ ఆలస్యమైతే ఆ ఇంటాయన కారులో వచ్చి తీసుకెళ్లాలి. చదువు మీదే దృష్టి ఉన్నవాళ్లకు ఇంత దూరం కష్టం.

కాగితాల పని భయపడేంత కాదు. రెసిడెన్స్ కార్డు నరితా విమానాశ్రయంలోనే ఇచ్చారు. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ చేయించాలి. అక్కడే జాతీయ ఆరోగ్య బీమాలో చేరితే, ఆస్పత్రి ఖర్చులో మన వంతు 30 శాతమే. పెద్ద సూట్‌కేసును విమానాశ్రయం నుంచే కొరియర్‌లో పంపించాను, మర్నాటికి ఇంటికి చేరింది. టోక్యో నుంచి రైల్లో రెండున్నర గంటలు చేతులు ఊపుకుంటూ వెళ్లొచ్చు.

సుఖం చూస్తే మొదటి ఇల్లు, నన్ను అడిగితే రెండోది. ఇల్లు ఎంచుకునే వీలు మనకు ఉండదు కాబట్టి, ఏ ఇంటికి వెళ్లినా తొలిరోజే రెండు అడగండి: "స్నానానికి నా వంతు ఎన్నోది?", "ఈ ఇంట్లో నేను చేయాల్సిన పని ఏది?" మొదటి ఇంట్లో నేను ఇవి అడిగి ఉంటే వాళ్లకూ తేలికయ్యేది.

జపాన్ ఇళ్లలో ఎవరి అన్నం గిన్నె వాళ్లకు ఉంటుంది. రెండో వారంలో మామ్మగారు నన్ను బజారుకు తీసుకెళ్లి, అక్కడి కుతాని పింగాణీలో ఆకుపచ్చ అంచున్న గిన్నె ఎంచుకోమన్నారు. మూడో ఇంటికి మారేటప్పుడు దాన్ని బట్టల మధ్య సర్దబోతే, తీసి మళ్లీ అల్మారాలో పెట్టేశారు. "ఆదివారం వస్తావుగా, మరి దేంట్లో తింటావు?" అన్నారు.