పినోకియో పూర్తి పుస్తకం: మా పాపకి గుర్తుండిపోయింది కోటు ఒక్కటే

డిస్నీ సినిమా చూసి అదే కథ కదా అని కొన్నా, కాదండీ. ఇది ఇటలీ రచయిత కార్లో కొల్లోడి రాసిన అసలు పినోకియో, ప్రాణమొచ్చిన చెక్కబొమ్మ పిల్లాడి కథ, ఏమీ తీసెయ్యని ఇంగ్లిష్ అనువాదం, 36 చాప్టర్లు. మా ఎనిమిదేళ్ల పాపకి రోజూ రాత్రి తెలుగులో చెప్పుకుంటూ చదివా. బుద్ధి చెప్పే కీచురాయి నాలుగో చాప్టర్‌లోనే చచ్చిపోతుంది, పినోకియో సుత్తి తీసుకుని విసిరేస్తాడు అంతే, మా పాప బిత్తరపోయింది.

1881లో ఇటలీలో పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలైన కథ ఇది, 15వ చాప్టర్‌లో పినోకియోని చెట్టుకి ఉరేసి ఆపేశారంట, చదివే పిల్లలు ఇంకా కావాలని పట్టుబడితే మళ్లీ రాశాడు. పుస్తకమంతా మాట వినకపోతే ఇంతే అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. ఆ నీతులేవీ మా పాప చెవికెక్కలేదు. ఎక్కింది కోటు. పినోకియోని చెక్కిన నాన్న జెపెట్టో తన ఒక్క కోటూ అమ్మేసి వీడికి అక్షరాల పుస్తకం కొంటాడు, బయట మంచు పడుతుంటే ఉత్త చొక్కాతో వచ్చి, కోటేదంటే ఉక్కపోస్తోందని అమ్మేశా అంటాడు. వీడేమో ఆ పుస్తకాన్ని బొమ్మలాట టికెట్ కోసం అమ్మేస్తాడు. ఆ తర్వాత చేతికి బంగారు నాణేలొస్తే ముందు నాన్నకి కోటు కొంటా అంటాడు కదా, అక్కడినుంచి ప్రతి రాత్రీ "అమ్మా, కోటు కొన్నాడా మరి?" అనే అడిగేది.

నాకు అస్సలు నచ్చనిది, పినోకియోని ఆదుకునే దేవత ఒకామె ఉంటుంది, ఆమె సమాధి. నువ్వు వదిలేశావని బెంగతో చచ్చిపోయా అని రాతి మీద రాసి పిల్లాణ్ని ఏడిపించి, తర్వాత బతికే కనిపిస్తుంది. పిల్లలకి అలా చెయ్యకూడదు, తప్పు చేసినా సరే.

చివర్లో మాత్రం, జబ్బుపడ్డ తండ్రికి గ్లాసు పాల కోసం వంద బకెట్లు నీళ్లు తోడతాడు చూడండి, అప్పటిదాకా ఆ పని చేసిన గాడిద అక్కడే కొనఊపిరితో ఉంటుంది, అది వీడితో కలిసి బడి ఎగ్గొట్టి గాడిదగా మారిపోయిన ఫ్రెండే. అక్కడ చదవలేక కాసేపు ఆగిపోయా.

అక్షరాలు మరీ చిన్నవి, బొమ్మలు తక్కువ. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి వద్దు, పెద్ద పిల్లలకైనా పక్కన కూర్చునే చదవండి, 15వ చాప్టర్ మాత్రం పగలు చదవండి. అయిదుకి నాలుగు స్టార్లు.