టెంపరరీ క్యాప్‌ల ఆక్రిలిక్: నోటికి పడేది ఏది, పడనిది ఏది

పన్ను అరగదీశాక అసలు క్యాప్ ల్యాబ్ నుంచి వచ్చేదాకా పెట్టే టెంపరరీకి మా క్లినిక్‌లో ఏళ్లుగా మూడు రకాలు వాడుతున్నాను. పౌడర్, లిక్విడ్ కలిపితే తనంతట తానే గట్టిపడే సెల్ఫ్ క్యూర్ ఆక్రిలిక్, గన్‌లోంచి పేస్టులా వచ్చే బిస్-ఆక్రిల్ రెసిన్, ల్యాబ్‌లో మిల్లింగ్ చేసిన, అంటే గట్టి ఆక్రిలిక్ ప్లాస్టిక్ డిస్క్‌ని యంత్రంతో చెక్కిన పీఎంఎంఏ. రంగు, గట్టిదనం సంగతి కంపెనీవాళ్లు ఎలాగూ చెబుతారు, చిగురు ఏమంటుందో వాళ్లు చెప్పరు.

సెల్ఫ్ క్యూర్ చవక, విరిగితే అక్కడికక్కడే అతికించుకోవచ్చు. పేచీ అంతా లిక్విడ్‌తోనే. అది మిథైల్ మెథాక్రిలేట్ మోనోమర్, అంటే గట్టిపడి ప్లాస్టిక్ అయ్యే ముడి రసాయనం. గట్టిపడ్డాక కూడా కొంత మారకుండా లోపలే ఉండిపోయి, మొదటి రోజుల్లో లాలాజలంలోకి ఊరుతుంది. కట్టుడుపళ్ల ఆక్రిలిక్‌లో ఇలా మిగిలే మోనోమర్‌కు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 20795-1 పెట్టిన హద్దు, వేడితో ఉడికించిన రకానికి 2.2 శాతం, సెల్ఫ్ క్యూర్‌కి 4.5 శాతం. "డాక్టర్ గారూ, నోరంతా పెయింట్ వాసన" అని మర్నాడు ఫోన్ చేసేది ఈ రకం పెట్టించుకున్నవాళ్లే. అందుకే రబ్బరులా సాగే దశలోనే నోట్లోంచి తీసి, వేడి నీళ్లలో కాసేపు ఉంచుతాను. మోనోమర్ తగ్గుతుంది, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కూడా పంటికి తగలదు. నరం బతికున్న పంటికి ఇది ముఖ్యం. 1965లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, పంటి లోపల వేడి 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితేనే కొన్ని పళ్లలో నరం కోలుకోలేదు.

చిగురు ఎర్రబడగానే అందరూ అలర్జీ అంటారు. నేను చూసినవాటిలో ఎక్కువభాగం అలర్జీ కాదు, చిగురు కిందికి దిగిన అంచు, గరుకుగా వదిలేసిన పైభాగం. అక్కడ పాచి చేరుతుంది. అంచు కోసి, ప్యూమిస్ రాతిపొడితో పాలిష్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అసలు అలర్జీ ఉన్నవాళ్లకి క్యాప్ ఆనే బుగ్గ, నాలుక కూడా మండుతాయి, అదీ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా. అప్పుడు చర్మానికి రసాయనం అంటించి చూసే ప్యాచ్ టెస్టుకి చర్మం డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. గోళ్లకి జెల్ వేయించుకున్నప్పుడు వేళ్లు దురద పెట్టాయా అని ముందే అడుగుతున్నాను, ఎందుకంటే అందులో ఉండేవీ ఈ కుటుంబం రసాయనాలే. నిజానికి పేషెంట్ కన్నా రోజూ లిక్విడ్ ముట్టుకునే మాకూ, ల్యాబ్ కుర్రాళ్లకీ ముప్పు ఎక్కువ. మోనోమర్ గ్లౌజులోంచి నిమిషాల్లో దూరిపోతుంది.

బిస్-ఆక్రిల్‌లో ఆ లిక్విడ్ లేదు, వాసన లేదు, వేడి తక్కువ. కానీ గాలి తగిలిన పైపొర గట్టిపడక జిగురుగా ఉండిపోతుంది, స్పిరిట్‌తో తుడవకపోతే ఆ జిగురే చిగురుకి తగులుతుంది. ఇదీ మెథాక్రిలేటే కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లకి పూచీ లేదు. పొడుగు బ్రిడ్జిల్లో విరుగుతుంది కూడా.

ఇంప్లాంట్ మానేదాకా నెలల తరబడి ఉండాల్సినవాటికి మిల్లింగ్ పీఎంఎంఏ తప్ప మరొకటి పెట్టడం మానేశాను. డిస్క్ ఫ్యాక్టరీలోనే వేడిలో, ఒత్తిడిలో గట్టిపడి వస్తుంది, మోనోమర్ మిగిలేది బాగా తక్కువ. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో పెట్టిన మొదటి కృత్రిమ లెన్స్ కూడా పీఎంఎంఏదే, కాబట్టి ఆ ప్లాస్టిక్ మీద నాకు బెంగ లేదు. ఖర్చే కాస్త ఎక్కువ.

ఏది పెట్టినా అతికించేది యూజినాల్ లేని సిమెంట్‌తోనే. ఆ లవంగనూనె సరుకు ఆక్రిలిక్‌ని మెత్తబరుస్తుంది, తర్వాత వాడే రెసిన్ సిమెంట్‌నీ సరిగా గట్టిపడనివ్వదు.