ఫార్చ్యూనరా, ఎమ్‌యూ-ఎక్సా, పాత ఎండీవరా?

ఊళ్లో టయోటా ఫార్చ్యూనర్ ఆగితే "ఎవరొచ్చారు?" అంటారు. ఇసుజు ఎమ్‌యూ-ఎక్స్ ఆగితే "ఇదేం బండి?" అంటారు. ఇన్ని లక్షలు పోసేటప్పుడు ఆ తేడా చిన్నదేం కాదు. అయినా ముందు కిందికి వంగి చూద్దాం.

ఈ పెద్ద ఎస్‌యూవీలు మూడూ పికప్ ట్రక్కు కడుపున పుట్టినవే. ఫార్చ్యూనర్‌కి హైలక్స్, ఎమ్‌యూ-ఎక్స్‌కి డీ-మ్యాక్స్, ఫోర్డ్ ఎండీవర్‌కి రేంజర్. లేడర్ ఫ్రేమ్ (నిచ్చెనలాంటి ఉక్కు చట్రం) మీద బాడీ విడిగా కూర్చుంటుంది కాబట్టి గుంతలకీ రాళ్లకీ జంకవు. ఆ మొండితనానికి మనం కట్టే మూల్యం బరువు, మలుపుల్లో ఊగుడు, ఎక్కడానికి అమ్మమ్మలు పడే అవస్థ. వెనక పికప్‌లోని కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశారు గానీ, ఒక్కరే నడుపుతుంటే ఎగుడుదిగుడు నడుముకి తెలుస్తూనే ఉంటుంది. హైదరాబాద్–విజయవాడ హైవే తప్ప ఇంకో దారి తొక్కనివాళ్లకి ఈ మూడూ దండగ.

ఫార్చ్యూనర్‌లో 2.8 లీటర్ల డీజిల్ 204 పీఎస్ శక్తి ఇస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే, టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) మాన్యువల్‌లో 420 ఎన్ఎం, ఆటోమేటిక్‌లో 500. ఘాట్ రోడ్డెక్కితే ఆ 80 తేడా కాలి కింద తెలుస్తుంది. అందుకే మాన్యువల్ మీద ప్రేమ ఉన్నా నా ఓటు ఆటోమేటిక్‌కే. మూడో వరుస సీట్లు పక్కలకి లేచి వేలాడతాయి, సామాను చోటు మింగేస్తాయి. ఇంత ఖరీదు బండిలో ఇదేం తెలివో! అమ్మబోతే మాత్రం ఈ మూడింట్లో దీనికున్న గిరాకీ ఇంక దేనికీ లేదు.

నడపడంలో సుఖం ఎండీవర్‌దే. స్టీరింగ్ తేలిక, వెనక ఇరుసు పక్కలకి జరక్కుండా పట్టి ఉంచే వాట్స్ లింకేజీ వల్ల ఊగుడు తక్కువ, మూడో వరుస నేలలోకి మడుచుకుంటుంది. నీళ్లలో 800 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది, ఫార్చ్యూనర్‌కి 700. పాత 3.2 లీటర్ల అయిదు సిలిండర్ల ఇంజిన్ గొంతు వింటే వదలబుద్ధి కాదు. కానీ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తామని ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లోనే చెప్పేసింది. ఇప్పుడు కొంటే సెకండ్ హ్యాండే. సర్వీస్ రికార్డు లేని బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ఎమ్‌యూ-ఎక్స్ మన శ్రీసిటీలో తయారైన బండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2845 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్ కంటే 100 ఎక్కువ. 2021లో బీఎస్6 పొగ నిబంధనల కోసం 3 లీటర్ల ఇంజిన్ తీసేసి 1.9 లీటర్లది పెట్టారు. 163 పీఎస్, 360 ఎన్ఎం. కుటుంబంతో నింపాదిగా తిరిగేవాళ్లకి చాలు, ఓవర్‌టేక్‌కి మాత్రం ముందే లెక్క వేసుకోవాలి. షోరూములూ తక్కువే.

అయిదారేళ్లకి బండి మార్చేవాళ్లు ఫార్చ్యూనర్ ఆటోమేటిక్ తీసుకోండి. పదిహేనేళ్లు మీ దగ్గరే ఉంచుకునేటట్టయితే, ఇసుజు సర్వీస్ సెంటర్ మీ ఊరికి గంట దూరంలో ఉంటేనే ఎమ్‌యూ-ఎక్స్ చూడండి. ఎండీవర్ మాత్రం నమ్మకమైన మెకానిక్ అందుబాటులో ఉన్నవాళ్లకే.