బెంజ్ సర్కిల్ దగ్గర వెబ్‌సైట్లు చేసే ఆ మహానుభావుడితో జాగ్రత్త

గుంటూరు, బెజవాడల్లో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు ఇది చదవండి. ముఖ్యంగా ఆ రీల్సు చూసి, "వారంలో మీ సొంత ఆన్‌లైన్ షాపు" అంటే నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్ళు. పేరు రాయను, రాస్తే పరువు నష్టం అంటాడు. కింద టిఫిన్ సెంటరు, పైన ఆఫీసు, గోడ మీద నీలం లైట్లు. ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. మనలో చాలామందికి సైటు చేసింది ఆయనే.

మాది బ్రాడీపేటలో పచ్చళ్ళ వ్యాపారం. చెయ్యి అత్తయ్యది, ఫోను నాది. సైటుకి 45,000 ఇచ్చాం. "కోడ్ మొత్తం మా టీమ్ సొంతంగా రాసింది మేడం" అన్నాడు. క్లౌడ్ ఖాతా (సైటు నడిచే సర్వర్లని అద్దెకు తీసుకునే ఖాతా) తన మెయిల్‌తో తెరిచి, కార్డు మాత్రం నాది పెట్టించాడు. నేను బీటెక్ సీఎస్‌ఈ అండీ. నాలుగేళ్ళు ఉద్యోగం కూడా చేశాను. అయినా ఆ రోజు "మీకెందుకు మేడం ఈ తలనొప్పి, నేను చూసుకుంటా" అనగానే కార్డు నంబరు చదివి వినిపించాను. నన్ను నేనే చెప్పుచ్చుకు కొట్టుకోవాలి.

ఈ నెల 3న బ్యాంకు నుంచి మెసేజ్: మీ కార్డు మీద 2,540 డాలర్ల లావాదేవీ తిరస్కరించబడింది. మాకు నెలకి 1,400 రూపాయలు దాటి బిల్లు ఎప్పుడూ రాలేదు. లెక్కేస్తే రెండు లక్షల పైమాటే. ఆయనకి పదకొండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. రీలు మాత్రం ఆ పూట కూడా పెట్టాడు. హైదరాబాదులో ఉన్న మా మరిది అదే రాత్రి గిట్‌హబ్‌లో (ప్రోగ్రామర్లు కోడు పెట్టుకునే సైటు) మా కొట్టు పేరు కొట్టి చూస్తే, మొదటి ఫలితమే మా సైటు కోడు. పబ్లిక్! లోపల డాట్ ఈఎన్‌వీ ఫైలు, అందులో క్లౌడ్ కీ (ఆ ఖాతాలో సర్వర్లు తెరవనిచ్చే రహస్య కోడు), డేటాబేస్ పాస్‌వర్డు. అలాంటి కీలు ఎక్కడ బయటపడతాయా అని రాత్రీపగలూ వెతికే బాట్‌లు (దొంగలు నడిపే ప్రోగ్రాములు) ఉంటాయి, పబ్లిక్‌లో పడ్డ కీ నిమిషాల్లో వాళ్ళ చేతికి చిక్కుతుంది. మా కీతో సావో పాలోలో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, టోక్యోలో పెద్ద పెద్ద సర్వర్లు అద్దెకు తీసుకుని పది రోజులు క్రిప్టో కరెన్సీ తవ్వుకున్నారు. మా గోంగూర ఇంతవరకూ హైదరాబాదు దాటలేదు, మా బిల్లు మాత్రం ప్రపంచయాత్ర చేసొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అత్తయ్యని తీసుకుని బస్సెక్కి వెళ్ళాను. అసలు నేను రాయాలనుకున్నది ఇక్కడి నుంచే.

మమ్మల్ని ముప్పావుగంట బయట కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక మరిది పంపిన లింకు చూపించాను. కంగారు పడతాడనుకున్నాను. నవ్వాడు. "ఓపెన్ సోర్స్ అంటే ఇదే మేడం, అందరూ చూస్తారు కాబట్టే సెక్యూరిటీ ఎక్కువ" అన్నాడు. తర్వాత మానిటర్ మా వైపు తిప్పి, ఆ ఫైలు తెరిచి, మా కళ్ళ ముందే డిలీట్ కొట్టి, "చూశారుగా, తీసేశా. హ్యాపీయేనా?" అన్నాడు.

నేను మౌసు లాక్కుని పక్కనున్న హిస్టరీ నొక్కాను. ముందటి కమిట్, అంటే అంతకుముందు సేవ్ చేసిన కాపీ, తెరిచాను. కీ అక్షరం పొల్లుపోకుండా అక్కడే ఉంది. గిట్‌హబ్ వెనక నడిచే గిట్ అంటేనే పాతవన్నీ దాచిపెట్టే పద్ధతి కదండీ, ఈ రోజు తీసేసినంత మాత్రాన నిన్నటిది పోతుందా? "అసలు కీ రద్దు చేశారా?" అని అడిగాను. "ఫైలే లేనప్పుడు కీ ఎందుకు మార్చడం మేడం?" అన్నాడు. నిజంగా ఆ మాటే అన్నాడు. కాలేజీల్లో లెక్చర్లిస్తాడట ఈయన.

అప్పటిదాకా మాట్లాడని అత్తయ్య, "తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించి పోతారా నాయనా ఎవరైనా?" అంది. ఆవిడకి గిట్‌హబ్ తెలియదు. ఏడో తరగతి చదువు. విషయం మాత్రం ఆయనకంటే బాగా అర్థమైంది. దానికి ఆయన నా వైపు చూసి, ఆవిడ అక్కడ లేనట్టే, "పచ్చళ్ళ కొట్టు డేటా ఎవరిక్కావాలి మేడం? లాగ్‌ఫోర్‌జే టైములో పెద్ద పెద్ద కంపెనీలే బోల్తా పడ్డాయి, మీరెంత?" అన్నాడు.

ఆ "మీరెంత" దగ్గర అత్తయ్య లేచి నిలబడింది. నలభై ఏళ్ళుగా కారం కొట్టిన చేతులు వణకడం నేను మొదటిసారి చూశాను.

లాగ్‌ఫోర్‌జే సంగతి ఎత్తాడు కాబట్టి చెబుతున్నాను. అది ఎన్నో కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లో వాడుకునే ఓపెన్ సోర్స్ కోడు. 2021 డిసెంబరులో బయటపడింది ఆ కోడులోనే ఉన్న లోపం. దాన్ని వాడినవాళ్ళకి అప్పటిదాకా తెలియదు, రాసినవాళ్ళు ఖాళీ టైములో పనిచేసే వాలంటీర్లు. ఈయన చేసింది అది కాదు, వేరేవాళ్ళ తాళంచెవులు తెచ్చి నడివీధిలో పెట్టడం. అందరూ చూస్తే సెక్యూరిటీ అంటాడా? 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడు) దొంగదారి దొరికింది. లాగిన్ అవడానికి అరసెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుబట్టి తవ్వితే బయటపడింది. ఆ దొంగదారి పెట్టినవాడు రెండేళ్ళపాటు బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించాడు. ఒకడు పట్టించుకుని చూశాడు కాబట్టి దొరికింది. మా కోడు వైపు పట్టించుకుని చూసింది దొంగలు మాత్రమే!

ఇంకో సంగతి. పబ్లిక్ రిపోలోకి (గిట్‌హబ్‌లో కోడు ఉండే ఫోల్డరు) ఇలాంటి కీ పంపబోతే 2024 నుంచి గిట్‌హబ్ తనంతట తానే ఆపుతుంది. కాదని ముందుకెళ్ళాలంటే కారణం ఎంచుకోవాలి. వాటిలో ఒకటి "తర్వాత సరిచేస్తాను". మా మహానుభావుడు ఏది నొక్కి ఉంటాడో మీరే ఊహించుకోండి. క్లౌడ్ కంపెనీ హెచ్చరిక మెయిళ్ళు కూడా పంపింది. ఖాతా ఆయన మెయిల్‌తో ఉంది కదా, అన్నీ అక్కడికే పోయాయి. తెరవనే లేదు.

"సొంతంగా రాసిన" కోడు కూడా ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ షాపేనని మరిది తేల్చాడు. రీడ్‌మీలో (కోడుతో పాటు ఉండే పరిచయం ఫైలు) పైన హెడ్డింగ్ మార్చాడు గానీ, కింద అసలు రాసినవాళ్ళ పేరు అలాగే వదిలేశాడు. అమ్ముకోవడం తప్పు కాదు, ఆ ఎమ్‌ఐటీ లైసెన్సు ఒప్పుకుంటుంది. కాపీరైటు వాక్యం, ఆ లైసెన్సు పాఠం ఉంచమంటుంది, అంతే. ఈయన లైసెన్సు ఫైలే ఎగరగొట్టాడు. రెండేళ్ళుగా ఒక్క అప్‌డేటూ వేయలేదు. సరే, ఇదంతా ఇప్పుడు చిన్న విషయం.

పెద్దది ఆ రాత్రి దొరికింది. అదే రిపోలో ఓ మూల "బ్యాకప్" అని ఫోల్డరు, అందులో ఎస్‌క్యూఎల్ ఫైలు, అంటే డేటాబేస్ కాపీ. మా కస్టమర్లు 640 మంది పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు. ఎవరు కారం తక్కువ వేయమన్నారో అది కూడా. నిన్నటి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మా పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వకండి అని చెబుతున్నాను. ఒక పెద్దాయన "ఇది కూడా మోసం కాదు కదా అమ్మా?" అన్నారు. ఏం చెప్పను.

కీ మేమే రద్దు చేయించాం, సర్వర్లన్నీ ఆపేశాం. బిల్లు తగ్గించమని క్లౌడ్ కంపెనీని అడిగితే పరిశీలిస్తామన్నారు. 1930కి చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సైటు మూసేశాం, ఆవకాయ సీజను చివర్లో. అత్తయ్య పాత రశీదు పుస్తకం తీసింది.

మీరు ఆయన దగ్గర చేయించుకుని ఉంటే ఇవాళే గిట్‌హబ్‌లో మీ కొట్టు పేరు కొట్టి చూడండి. కీ కనబడితే ఫైలు తీయించడం కాదు, ముందు కీ రద్దు చేయించండి. ఖాతా మీ మెయిల్ మీదకి మార్చుకోండి, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడు కూడా అడిగేలా) పెట్టుకోండి, బిల్లు ఇంత దాటితే మెసేజ్ రావాలని అలర్ట్ పెట్టుకోండి. ప్రైవేటు రిపోయే కదా అని కూడా ఊరుకోవద్దు. 2016లో ఊబర్ నుంచి 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయింది ప్రైవేటు రిపోలో పెట్టిన కీ వల్లే.

రిపో తీసేయమని ఆయనకి మూడు మెసేజ్‌లు పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. గిట్‌హబ్‌కి కూడా రాశాను. ఇది టైపు చేస్తూ ఇందాక మళ్ళీ తెరిచి చూశాను. ఇంకా అలాగే ఉంది. ఫోర్కుల దగ్గర, అంటే దాన్ని తమ ఖాతాలోకి కాపీ చేసుకున్నవాళ్ళ లెక్క దగ్గర, నిన్న 2 ఉండేది, ఇవాళ 3.