వాటికన్ గైడ్ టూర్: హెలెనా దగ్గర రెండే నిమిషాలు

మా అమ్మ పేరు హెలెనమ్మ. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తల్లి సెయింట్ హెలెనా శవపేటిక చూపిద్దామని వాటికన్ మ్యూజియంలో గైడ్ టూర్ బుక్ చేశాను. గ్రీక్ క్రాస్ హాల్లో ఉంది. ఎర్రటి పోర్ఫిరీ రాయి, మనిషికంటే ఎత్తు. దానిమీద గుర్రాలెక్కిన సైనికులు, కింద బందీలు. "ఏసు శిలువ వెతికిన తల్లికి ఈ యుద్ధాలేంటే?" అంది అమ్మ. బహుశా కాన్‌స్టాంటైన్ కోసం చెక్కింది తల్లికి వాడి ఉంటారని గైడ్ చెప్పింది. హెలెనా సత్రంలో పనిచేసిందని నాలుగో శతాబ్దపు బిషప్ అంబ్రోస్ రాశాడట! పెద్ద వయసులో, క్రీ.శ. 326 ప్రాంతంలో, జెరూసలేం ప్రయాణం. ఇంతలోనే "పదండి పదండి". ఎదురుగా హెలెనా మనవరాలు కాన్‌స్టాంటినా పేటిక, ద్రాక్షతీగలతో ఎంత బాగుందో, దాని ఊసే లేదు. గైడ్‌కి విషయం తెలుసు, హెడ్‌ఫోన్ కూడా బాగా వినిపించింది. తొందరొక్కటే విసిగించింది. 5కి 3. అమ్మయితే 2 అంటోంది.