పది డోనర్ల పీబీఎంసీ కిట్: సైటోకైన్లకి సరే, మిగతాది నమ్మకండి

మాది జీనోమ్ వ్యాలీలో చిన్న ల్యాబ్, యాంటీబాడీ మందుల పని. మందు ఎక్కించగానే సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు) ఒక్కసారిగా పొంగుతాయా లేదా అని ముందే చూసుకోవడానికి ఈ కిట్ తెప్పించాం. పది మంది రక్తంలోంచి వేరు చేసి ఫ్రీజ్ చేసిన పీబీఎంసీలు, అంటే రోగనిరోధక తెల్ల కణాలు, ఒక్కొక్కరివి ఒక్కో వయల్.

ముందు నచ్చింది చెబుతాను. మందుని ప్లేట్ అడుగున పూతలా ఆరబెట్టి, దాని మీద కణాలు వేసే పద్ధతి ప్రోటోకాల్‌లోనే ఇచ్చారు. 2006 మార్చిలో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో టీజీఎన్1412 అనే ప్రయోగ దశ యాంటీబాడీ మందు తీసుకున్న ఆరుగురు వాలంటీర్లూ ఐసీయూ పాలయ్యారు గుర్తుందా, అంతకు ముందు కోతులకి దానికి 500 రెట్ల డోసు ఇచ్చినా ఏమీ కాలేదు, మనిషి కణాల్లో ఊరికే కలిపి చూస్తే అవీ కిక్కురుమనలేదు. తర్వాత అదే మందుని ప్లేట్‌కి అంటించి చూస్తే గానీ అసలు రంగు బయటపడలేదు. అందుకే పూత పద్ధతి లేని కిట్ ఊరికే ఇచ్చినా నేను తీసుకోను.

కంట్రోల్‌గా ఓకేటీ3 వేశాం, టీ కణాల్ని రెచ్చగొడుతుందని తెలిసిన యాంటీబాడీ అది. తొమ్మిది మంది కణాల్లో ఐఎల్-6, టీఎన్ఎఫ్ అనే సైటోకైన్లు బాగా లేచాయి. పదో వయల్‌లో సగం కణాలు చచ్చే వచ్చాయి, పార్సిల్ దారిలో ఎక్కడో రెండ్రోజులు ఆగి, తెరిచేసరికి డ్రై ఐస్ గుప్పెడు మిగిలింది. సప్లయర్ని అడిగితే మా దగ్గర బాగానే బయల్దేరింది అన్నారు, మూడు వారాలు వెంటపడితే వేరేది పంపారు.

అసలు గొడవ బ్రోచర్‌తో. మందుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయో లేదో కూడా ఇదే చెప్పేస్తుందట! ఒక రోజులో సైటోకైన్లు కొలవడం వేరు, నెలల తరబడి వాడాక యాంటీబాడీలు పుట్టి మందు పనిచేయకుండా పోవడం వేరు. కీళ్లవాతానికి వాడే అడాలిముమాబ్ పూర్తిగా మనిషి తరహా యాంటీబాడీయే, అయినా కొందరిలో దాని మీదే యాంటీబాడీలు వస్తాయి. అది పసిగట్టాలంటే డెండ్రిటిక్ కణాల్నీ (మందు ముక్కల్ని టీ కణాలకి చూపించేవి) టీ కణాల్నీ కలిపి రోజుల తరబడి పెంచాలి, డోనర్లు యాభై మంది దాకా కావాలి, వాళ్ల హెచ్‌ఎల్‌ఏ రకాలు (ఆ ముక్కల్ని పట్టి చూపే ప్రోటీన్లు, మనిషి మనిషికీ మారతాయి) రేపు మందు వాడబోయే జనాన్ని పోలి ఉండాలి. అప్పుడు కూడా తెలిసేది రిస్క్ ఎంతో మాత్రమే, ఏ రోగికి వస్తుందో కాదు. వీళ్ల డోనర్ల షీట్ అడిగి తెప్పించుకుంటే పది మందీ యూరప్ వాళ్లే.

అయిదుకి మూడు. కొనేటప్పుడు హెచ్‌ఎల్‌ఏ షీట్ ముందే అడగండి, లిక్విడ్ నైట్రోజన్ షిప్పర్‌లో అయితేనే పంపమనండి, శుక్రవారం మాత్రం బయల్దేరనివ్వకండి.